‘ధైర్యంగుండు’ అంటే ధైర్యం వస్తదా?

నాకు రొమ్ము క్యాన్సర్ అని తెలిసినంక ఇంటికొచ్చినోళ్లంతా ఒక్కటే మాట: ‘ధైర్యంగుండు’. ఎట్లుండాల్నో ఎవ్వరూ చెప్పలే. చాయ్ తాగి పోయిన్రు.

నాకు నిజంగ ధైర్యమిచ్చింది కీమో వార్డుల పక్క బెడ్డు అక్క. ఆమెది మూడోసారి, నాది మొదటిసారి. “ఎర్ర మందు ఎక్కినంక మూత్రం ఎర్రగొస్తది, బుగులు పడకు. ఒకటి రెండు రోజులల్ల మామూలైతది” అన్నది. గట్లనే అయింది. ఆమె చెప్పకుంటే రక్తమనుకొని ఆగమైతుంటి.

దీనికి సైకాలజీల ఒక లెక్కున్నది. ‘ఇది నాతోనైతది’ అనే నమ్మకం ఎట్లొస్తదో ఆల్బర్ట్ బండూరా 1977ల చెప్పిండు. సొంతంగ ఒక పని చేసి గెలిచిన అనుభవం అన్నిట్ల పెద్దది. మనసొంటోళ్లు గట్టెక్కంగ చూసుడు ఇంకోటి. నలుగురి మాట, మన ఒంటి పరిస్థితి మిగిలిన రెండు. మా చుట్టాల ‘ధైర్యంగుండు’ సుత లెక్కలున్నది గానీ, ఒట్టి మాట ఎక్కువ రోజులాగదు.

క్యాన్సర్ పేషెంట్లల్ల గీ నమ్మకాన్ని కొలిచే ప్రశ్నల పట్టీలున్నయి. అండ్ల ‘నీకు ధైర్యమున్నదా’ అని అడగరు. డాక్టర్‌ను నీ అనుమానాలు అడగగలవా, మందుల బాధలను తట్టుకోగలవా, నీ పనులు నువ్వు చేసుకోగలవా అని అడుగుతరు. అన్నీ చిన్న చిన్న పనులే.

ఆపరేషన్ అయినంక నా చెయ్యి పైకి లేవలే. గోడ మీద వేళ్లు పాకిస్తూ పైకి పొమ్మన్నరు. రోజూ ఎంతదాక పోతే అంతదాక పెన్సిల్‌తోని గీత గీసిన. ఒక వారం గీత పెరుగకపోంగ కిందికే వచ్చింది. బాత్రూంల నల్లా ఇప్పి ఏడ్చిన. ఎందుకంటే అప్పటికే అందరు నన్ను ‘గట్టి మనిషి’ అన్నరు, వాళ్ల ముంగట ఏడ్వరాదాయె. తెల్లారి మళ్ల గోడ దగ్గరికే పోయిన. తట్టుకొనుడంటే ఏడ్వకుండుడు కాదని నాకు గప్పుడే సమజైంది.

‘ధైర్యముంటే క్యాన్సర్ పోతది’ అనేటోళ్లతోని నాకు పడదు. గడ్డను తగ్గించేది మందులు, ఆపరేషన్, రేడియేషన్. మనసు గట్టిగుంటే ఆ రోజులు గడుస్తయి, సగంల మందు ఇడువబుద్ధి కాదు. రేపు రోగం తిరగబెడితే ‘ఆమెకే ధైర్యం లేకుండె’ అని తప్పు పేషెంటు మీద ఏస్తే ఎట్ల?

మీ ఇంట్ల ఎవరికన్న ఈ ఆపతి వస్తే, ఇదే రోగంల ట్రీట్మెంట్ అయిపోయిన ఒకామెను తోల్కపోండ్రి. ఇద్దరినే కూసోబెట్టి, మీరు జరసేపు బయట నిలవడుండ్రి.