యూరియా, బాక్టీరియా, గట్టిపడే నేల

నూజివీడు మామిడి ప్రాంతంలోని రెడ్డిగూడెం వంటి ఊళ్లలో ఉండేవారికి ఒక వాసన బాగా తెలుసు. చెట్టు పాదులో యూరియా చల్లి, మట్టి కప్పకుండా తడి నేలపై వదిలేస్తే ఘాటుగా అమ్మోనియా వాసన వస్తుంది. నేలలోని బాక్టీరియా యూరియేజ్ అనే ఎంజైముతో యూరియాను విడగొట్టడమే దీనికి కారణం. రైతుకు ఇది నష్టమే, ఎందుకంటే గాలిలో కలిసేది అతను డబ్బు పెట్టి కొన్న నత్రజని. కాని సివిల్ ఇంజనీర్లు ఇదే చర్యతో వదులు ఇసుకను రాయిలా బిగించవచ్చని చూపారు.

యూరియా అణువు ఒకటి విడిపోతే చివరకు రెండు అమ్మోనియం అయాన్లు, ఒక కార్బొనేట్ అయాన్ మిగులుతాయి. నేలలోని నీటి పీహెచ్ 9 వరకు పెరుగుతుంది. ఆ నీటిలో కాల్షియం క్లోరైడ్ కూడా ఉంటే, కాల్షియం, కార్బొనేట్ కలిసి కాల్సైట్ స్ఫటికాలు ఏర్పడతాయి. సున్నపురాయిలో ఉండే ఖనిజం ఇదే. బాక్టీరియా కణం పైభాగానికి ఋణావేశం ఉంటుంది కాబట్టి కాల్షియం అయాన్లు అక్కడ చేరతాయి. ఇసుక రేణువులు ఒకదానికొకటి తగిలే చోట స్ఫటికాలు పేరుకుంటే అవి సిమెంటులా అతుకుతాయి. తన చుట్టూ స్ఫటికం పెరిగిన బాక్టీరియా అందులోనే చిక్కుకుని చనిపోతుంది.

ఈ పనికి ఎక్కువగా వాడే జాతి స్పోరోసార్సినా పాశ్చురీ. నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్‌లో 100 ఘనపు మీటర్ల ఇసుకపై జరిపిన పెద్ద ప్రయోగం వివరాలు 2010లో వెలువడ్డాయి. ఇసుక గట్టిపడింది, కాని అంతటా ఒకే తీరుగా కాదు. ద్రావణం ఏ దారిన పారిందో ఆ దారిలోనే గట్టిపడటం ఎక్కువ.

ఇప్పుడు ఖర్చు లెక్క చూడండి. ఒక ఘనపు మీటరు ఇసుక సుమారు 1,600 కిలోలు. అందులో 5 శాతం, అంటే 80 కిలోల కాల్సైట్ కావాలనుకుందాం. 60 గ్రాముల యూరియా, 111 గ్రాముల కాల్షియం క్లోరైడ్ నుంచి 100 గ్రాముల కాల్సైట్, 107 గ్రాముల అమ్మోనియం క్లోరైడ్ వస్తాయి. ఈ నిష్పత్తిలో మనకు 48 కిలోల యూరియా, 89 కిలోల కాల్షియం క్లోరైడ్ అవసరం. 45 కిలోల యూరియా బస్తా ఒకటి సరిపోదన్నమాట. ఆ 48 కిలోల యూరియాలో ఉండే నత్రజని సుమారు 22 కిలోలు. పదేళ్లు దాటిన మామిడి చెట్టుకు ఏడాదికి కిలో చొప్పున వేస్తే 22 చెట్లకు సరిపోతుంది. ఇంతకంటే పెద్ద చిక్కు మరొకటి ఉంది. నేలలో మిగిలే 86 కిలోల అమ్మోనియం క్లోరైడ్‌ను నీటితో కడిగి తీయకపోతే అది భూగర్భ జలంలోకి దిగుతుంది. తాగునీటి బోరు పక్కన ఉన్న స్థలంలో ఈ ప్రశ్న తేల్చకుండా పని మొదలుపెట్టకూడదు.

నల్లరేగడి సంగతి వేరు. ఎన్‌టీఆర్ జిల్లాలో ఈ నేలలు విస్తారంగా ఉన్నాయి. వీటిలోని మోంట్‌మోరిల్లొనైట్ బంకమన్ను వానకు ఉబ్బి, ఎండకు కుంచించుకుపోతుంది. పునాది కదిలి గోడలు బీటలు వారేది అందుకే. బాక్టీరియా పొడవు 1 నుంచి 3 మైక్రోమీటర్లు. బంకమట్టి రంధ్రాలు చాలావరకు అంతకంటే సన్నవి, కాబట్టి బయటి నుంచి పంపిన బాక్టీరియా లోపలికి వెళ్లలేదు. అమెరికాలోని బోయిసీ స్టేట్ విశ్వవిద్యాలయంలో భాస్కర్ చిట్టూరి బృందం దీనికి వేరే మార్గం పరిశీలించింది. నేలలో ముందే ఉన్న బాక్టీరియాకు పోషకాలు అందించి, వాటిచేతనే కాల్సైట్ చేయించడం ఆ మార్గం. ఇలాంటి ఫలితాలు చదివేటప్పుడు ఒకటి గమనించండి. కాల్షియం ఒక్కటే బంకమన్ను ఉబ్బును కొంత తగ్గిస్తుంది. అందుచేత బాక్టీరియా లేకుండా, అదే కాల్షియం ద్రావణంతో తడిపిన మరో నమూనాను పక్కన పెట్టి పోల్చారా లేదా చూడాలి. నల్లరేగడిలో ఇల్లు కట్టేవారికి నేటికి సున్నంతో నేల స్థిరీకరణే నమ్మదగిన మార్గం.

మీ ప్రగతిని సరిచూసుకోండి: పై ఇసుకలో 3 శాతం కాల్సైట్ చాలనుకుంటే, 10 ఘనపు మీటర్లకు ఎన్ని బస్తాల యూరియా కావాలి? ఎంత అమ్మోనియం క్లోరైడ్ మిగులుతుంది?