డిగ్రీ పిల్లలు మన కార్ఖానాల్లో ఎందుకు నిలబడుతలేరు?

జూన్, జూలై నెలల్లో డిగ్రీ రిజల్టులు వస్తయి. దసరా వచ్చేసరికి మన పూర్వభాగ్‌లో గల్లీకి ఇద్దరు ముగ్గురు పిల్లలు సంచులు సర్దుకొని పుణె బండి ఎక్కుతరు. పొద్దున పోయే హుతాత్మ ఎక్స్‌ప్రెస్‌లో తెలుగు మాటలు బాగనే వినబడ్తయి. ఇటు అక్కల్‌కోట్ రోడ్డు ఎం.ఐ.డి.సి.కి పోతే టవల్ కార్ఖానాల మాలకులు "చదువుకున్న మనిషి దొరుకుతలేడు, దొరికినా ఆర్నెల్లు ఉంటలేడు" అంటరు. పిల్లల్ని అడిగితే "సోలాపూర్‌ల పనెక్కడిది?" అంటరు. పని ఉన్నది, పని చేసే పిల్లలూ ఉన్నరు. అయినా ఇద్దరికీ పొత్తు కుదుర్తలేదు.

కార్ఖానా అనంగనే సాంచా కాడ నిలబడుడే అని పిల్లలు అనుకుంటరు. ఆ కాలం పోయింది. ఇయ్యాల ఒక టవల్ కార్ఖానా నడవాలంటే జి.ఎస్.టి. బిల్లులు రాయాలె, ఎక్స్‌పోర్ట్ కాగితాలు తయారు చెయ్యాలె, కంప్యూటర్‌ల డిజైన్ వెయ్యాలె, ఆన్‌లైన్ ఆర్డర్లు చూడాలె, శాంపిల్ తూకం పట్టాలె. ఇవన్నీ చదువుకున్నోళ్ళ పనులే.

ఒక్క తూకం సంగతే చూడుండ్రి. టర్కీ టవలుకు రెండు బీములుంటయి. ఒకటి అడుగు బట్టకు, ఇంకొకటి పైన లేచే లూపులకు. పై బీము ఎంత వదులుతదో దాన్ని బట్టి టవలు బరువు మారుతది. 30×60 అంగుళాల టవలు 450 జి.ఎస్.ఎం. ఉండాలె అన్నప్పుడు దాని బరువు సుమారు 520 గ్రాములు రావాలె. ఒక్కో టవలుకు 20 గ్రాములు ఎక్కువ పోయిందనుకోండి. పదివేల టవళ్ళకు 200 కిలోల నూలు ఉత్తగ పోయినట్టు. తక్కువ పోతే కొన్నోడు మాల్ వాపస్ పంపుతడు. పాత జాబర్ చెయ్యి పెట్టి చూసి తేడా చెప్తడు, కాని కాగితం మీద రాసి పెట్టడు. చదువుకున్న పిల్ల రాసి పెడ్తది, కాని బీము సంగతి ఆమెకు తెల్వది. ఇద్దరూ పక్కపక్కన ఉంటేనే నష్టం ఆగుతది.

మా తరం జాబర్లు ఒక్కొక్కరే ఇంటికి వస్తున్నరు. జూనీ మిల్లు, లక్ష్మీ విష్ణు మిల్లు, నర్సింగ్ గిర్జీ మిల్లు మూతపడ్డప్పుడు అక్కడి పనితనం అంతా కార్ఖానాలకు చేరింది. ఇప్పుడు కార్ఖానాల నుంచి అది ఎటు చేరాలె? నేర్చుకునే పిల్లలు లేకుంటే సోలాపూర్ చద్దరుకు, టవలుకు ఉన్న జి.ఐ. గుర్తింపు కాగితం మీదనే మిగుల్తది.

ఇగ పైసల సంగతి. పుణెల 20,000 ఇస్తరు, ఇక్కడ 14,000 ఇస్తరు అనుకుందాం. అక్కడ కాట్ కిరాయి 5,000, మెస్ 4,000, బస్సుకు, ఊరికి వచ్చిపోను 2,000 తీస్తే చేతిల 9,000 ఉంటది. ఇక్కడ తల్లి చేతి బువ్వ తిని ఇంట్ల 4,000 ఇచ్చినా 10,000 మిగుల్తది. ఈ లెక్క పిల్లలకు తెల్వక కాదు. తెలిసే పోతున్నరు.

మా గల్లీల బి.కాం. చదివిన పిల్లగాడు ఒక కార్ఖానాల లెక్కలు రాయను చేరిండు. రెండో నెలకే మాలక్ పిల్లల్ని బడి నుంచి తెచ్చుడు, గాంఠ్లు ఎక్కించుడు, రాత్రి తొమ్మిది దాకా కూసునుడు అయింది. చేరినట్టు కాగితం లేదు, పగార్‌కు స్లిప్పు లేదు. ఐదో నెలల మానేసిండు. మాలక్ "ఇంటి మనిషి లెక్క చూసుకున్న" అని బాధపడ్డడు. పిల్లగాడు నాతోటి అన్నడు, "ఇంటి మనిషికైతే పండుగకు సెలవుంటది కద కాకా."

పుణెల ఆ పిల్లగానికి దొరికిందేంది? నియామక పత్రం, నెలనెలా స్లిప్పు, ఆదివారం సెలవు. ఏడాది తర్వాత "నేను ఫలానా పని చేసిన" అని చూపించను ఒక కాగితం. పిల్లలు పోతున్నది ఎక్కువ శాతం దీనికోసమే.

మాలకులకు నేను చెప్పేది నాలుగు మాటలు. మీలో చాలామంది సాంచా కాడినుంచి పైకి వచ్చినోళ్ళే, మీకు కొత్త కాదు.

మొదటిది, చేరిన నాడే కాగితం ఇయ్యుండ్రి. పని ఏంది, పగార్ ఎంత, సెలవులు ఎన్ని, అన్నీ రాసి ఇయ్యుండ్రి. 2025 నవంబర్ 21న అమలైన కొత్త కార్మిక చట్టాలల్ల నియామక పత్రం అందరికీ ఇయ్యాలనే ఉన్నది.

రెండోది, పి.ఎఫ్., ఈ.ఎస్.ఐ. దాచకుండ్రి. 14,000 మీద 12 శాతం అంటే 1,680. పిల్లగాని పగార్ల కోసేది అంత, మాలక్ కట్టేది అంతే. పదేండ్ల సర్వీసు ఉంటే పెన్షన్‌కు హక్కు వస్తది. ఈ.ఎస్.ఐ.కి పిల్లగాడు ఇచ్చేది 0.75 శాతమే, తల్లిదండ్రుల మందులకు కూడా అది పనికొస్తది. ఇది పిల్లలకు కాదు, వాళ్ళ తల్లులకు చెప్పుండ్రి. తల్లి అర్థం చేసుకుంటే పిల్లగాడు ఆగుతడు.

మూడోది, ఒక పాత మనిషి చేతిల పెట్టుండ్రి. మూడు నెలలు వార్పింగ్, మూడు నెలలు సాంచాలు, మూడు నెలలు రంగుల ఖాతా, తర్వాత ఆఫీసు. ఏడాదికి పగార్ ఎంత పెరుగుతదో, రెండేండ్లకు ఏ పని ఇస్తరో ముందే చెప్పుండ్రి. సర్కారు అప్రెంటిస్ పథకం ఉన్నది, నాట్స్ అంటరు. బి.ఏ., బి.కాం. పిల్లలను కూడా ఏడాది శిక్షణకు తీసుకోవచ్చు. 2019 నిబంధనల్ల డిగ్రీ వాళ్ళకు నెలకు కనీసం 9,000 అని పెట్టిన్రు, ఆ కనీసంల సగం సర్కారు ఇస్తది. 30 మంది, అంతకు ఎక్కువ ఉన్న చోట అప్రెంటిస్‌లను తీసుకునుడు చట్టం ప్రకారం తప్పనిసరి. అంతకు తక్కువ ఉంటే, నలుగురి నుంచి 29 మంది దాకా, మీ ఇష్టం.

నాలుగోది, ఆడపిల్లల్ని చూడుండ్రి. మన ఇండ్లల్ల డిగ్రీ చేసిన ఆడపిల్లలు ఎందరో ఉన్నరు. పుణె పంపను ఇంట్ల ఒప్పుకోరు. చదువుకున్నాక కూడా తల్లి పక్కన కూసొని బీడీలు చుట్టుడో, ట్యూషన్ చెప్పుడో. వాళ్ళు ఊరు విడిచి పోరు, ఏండ్లకేండ్లు ఉంటరు. వాళ్ళకు కావాల్సింది సాయంత్రం ఆరుకు సెలవు, శుభ్రమైన పాయిఖానా, పక్కన ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు. ఇంతే.

పిల్లలకు కూడా ఒక మాట. చేరేముందు అడుగుండ్రి, సిగ్గుపడకుండ్రి. కాగితం ఇస్తరా? పి.ఎఫ్. నంబర్ ఎప్పుడొస్తది? ఎవరి దగ్గర నేర్చుకోవాలె? ఏడాదికి ఎంత పెరుగుతది? వీటికి సరిగ్గ జవాబు చెప్పే కార్ఖానా దొరికితే ఒక్క ఏడాది ఓపిక పట్టుండ్రి. నూలు చేతికి తెలియనిదే కంప్యూటర్‌ల డిజైన్ సరిగ్గ రాదు. ఐదేండ్లు నిండితే గ్రాట్యుటీ కూడా ఉంటది, ఏడాదికి 15 రోజుల పగార్ చొప్పున.

తల్లిదండ్రులు "కార్ఖానాల పనా?" అని ముఖం తిప్పుకోకుండ్రి. మనం కార్ఖానాల చేసిన పని వేరు, ఇప్పుడు పిల్లలు చేసే పని వేరు. దీపావళి ఆర్డర్ల కాలం దగ్గర పడ్తున్నది, ఇప్పుడే కార్ఖానాలకు మనుషులు కావాలె. మీ ఇంట్ల డిగ్రీ అయిన పిల్లలుంటే పుణె టికెట్ తీసేముందు ఒక్కసారి ఎం.ఐ.డి.సి. దిక్కు తీసుకపోయి, పైన రాసిన నాలుగు ప్రశ్నలు వాళ్ళతోటే అడిగించుండ్రి.