కొండదారిలో కరెంటు సైకిలు

మడకశిర కొండ చుట్టూ సైకిలు పందెం పెడుతున్నారనీ, అందులో కరెంటు సైకిళ్ళకు వేరే వరస ఉన్నదనీ తెలిసినప్పుడు నేను హైదరాబాదులో మా వంటింట్లో పప్పుకు తాలింపు పెడుతున్నాను. ఆ పూట తాలింపు మాడిందని వేరే చెప్పనక్కరలేదు.

మడకశిర నా పుట్టినూరు. మ్యాపు తీసి చూడండి. మూడు వైపులా కర్ణాటక కమ్ముకుని ఉండగా, ఆంధ్రదేశం అటుకేసి చెయ్యి చాచినట్టు కనిపించే మూల మాది. 2022 ఏప్రిల్ దాకా అనంతపురం జిల్లా, ఆ తర్వాత శ్రీ సత్యసాయి జిల్లా. జిల్లా పేరు మారింది గాని, కొండా మారలేదు, వానలూ పెరగలేదు. నా పదో ఏట ఆ కొండ కిందనే మా నాన్నగారి సైకిలు అడ్డకమ్మీ సందులోంచి కాలు దూర్చి తొక్కడం నేర్చుకున్నాను. పదమూడో ఏట మా మేనత్త ఆ సైకిలును గోడకు చేరవేసి, "ఇంక చాల్లే పాపా" అన్నది. నాన్నగారు పేపరు చదువుకుంటూ ఉండిపోయారు.

ఇప్పుడు నాకు 49 ఏళ్ళు. బ్యాంకి ఉద్యోగం, మోకాళ్ళ నొప్పి, ఇద్దరు పిల్లలు. ఆ నొప్పి ధర్మమా అనే రెండేళ్ళ కిందట ఈ కరెంటు సైకిలు మా ఇంటికి వచ్చింది.

"మోటారు ఉన్నాక పందెమేమిటమ్మా, లిఫ్టులో మేడెక్కి ఆయాసపడ్డట్టు!" అన్నాడు మా పెద్దవాడు. చాలామంది అనుకునేది ఇదే గనక కాస్త వివరంగా చెప్పాలి. ఈ సైకిలు స్కూటరు కాదు. పెడలు తొక్కితేనే మోటారు కదులుతుంది, కాలు ఆపితే అదీ ఆగుతుంది. మన పాదం ఎంత బలంగా నొక్కుతున్నదో కొలిచే పరికరం ఒకటి ఇరుసు దగ్గర ఉంటుంది. దానికి తగ్గట్టే సాయం అందుతుంది. ఇలాంటి సైకిలును జపానులో యమహావారు 1993లో బజారులోకి తెచ్చారు. సైకిలు చక్రంలో కరెంటు మోటారు పెట్టవచ్చునని ఆగ్డెన్ బోల్టన్ అనే అమెరికన్ 1895లోనే పేటెంటు పుచ్చుకున్నాడట! మన దేశపు నిబంధనల ప్రకారం మోటారు 250 వాట్లకూ, వేగం గంటకు 25 కిలోమీటర్లకూ లోబడి ఉంటే లైసెన్సు అక్కరలేదు.

ఇక పందెం సంగతి. కొండదారుల కరెంటు సైకిళ్ళకు ప్రపంచ ఛాంపియన్‌షిప్ మొదటిసారి 2019లో కెనడాలోని మాంట్ సెయింట్ ఆన్‌లో జరిగింది. మగవారిలో దక్షిణాఫ్రికాకు చెందిన అలన్ హాథర్లీ, ఆడవారిలో స్విట్జర్లాండుకు చెందిన నటలీ ష్నైటర్ గెలిచారు. మరుసటేడు మగవారిలో ఇంగ్లండు కుర్రవాడు టామ్ పిడ్‌కాక్ గెలిచాడు. 2024 పారిస్ ఒలింపిక్సులో, మోటారన్నది లేని మామూలు కొండ సైకిళ్ళ మీద, స్వర్ణం ఈ పిడ్‌కాక్‌దే, కాంస్యం ఆ హాథర్లీదే. "లిఫ్టు ఎక్కేవాళ్ళకు మెట్లెక్కడం రాదంటావా?" అని అడిగితే మావాడు మాట్లాడకుండా ఫోను చూసుకున్నాడు.

మా ఇంట్లో ఒక పాత ఈకో వ్యాను ఉన్నది. వెనక సీట్లు తీయించి, బల్ల వేయించి, సైకిలు పక్కన ఒక మనిషి పడుకునేందుకు చోటు చేశాను. ఒక్క మనిషే సుమా! మావారు "ఒక్కదానివేనా?" అని మూడుసార్లు అడిగి, నాలుగోసారి ఏమీ అడక్కుండా వెళ్ళి టైర్లలో గాలి చూశారు.

కర్నూలు, గుత్తి, అనంతపురం, పెనుకొండ దాటి, కొడికొండ దగ్గర పెద్ద రోడ్డు వదిలి, లేపాక్షి బసవన్నకు వ్యానులోంచే దణ్ణం పెట్టి, హిందూపురం మీదుగా మడకశిర చేరేసరికి సాయంత్రమైంది. ఫిబ్రవరి చివరి రోజులు. దారిపొడుగునా చింతచెట్ల కింద కాయ రాలగొడుతున్నారు. వ్యాను ఆపి మంచినీళ్ళు అడిగితే ఒకావిడ, "ఒగదానివే వస్తివా? ఎవురి బిడ్డవమ్మా?" అన్నది. నాన్నగారి పేరు చెప్పి ముందుకు సాగాను. చెప్పకపోతేనే బాగుండేదని తర్వాత తెలిసింది.

మేనత్త ఇల్లు ఊళ్ళోనే ఉన్నది. వెళ్ళలేదు. వెళితే మళ్ళీ "చాల్లే పాపా" అంటుందేమోనని 49 ఏళ్ళ మనిషికి భయం! పందెం వాళ్ళు చూపించిన తోటలో, కొండకు ఎదురుగా వ్యాను నిలిపాను.

ఇక్కడ ఒక లెక్క ఉన్నది. ఇల్లాళ్ళకు ఇట్టే అర్థమవుతుంది. వ్యానులో నేను పెట్టించిన అదనపు బ్యాటరీ 12 వోల్టులు, 100 ఆంపియర్-గంటలు, అంటే 1200 వాట్-గంటలు. సీసపు బ్యాటరీని సగానికి మించి వాడితే త్వరగా పాడవుతుంది. కాబట్టి చేతికొచ్చేది 600. సైకిలు బ్యాటరీ 500. మధ్యలో పోయే తరుగు కలుపుకుంటే సరిగ్గా చాలుతుంది. ఫ్యానుకు మిగలదు. సూర్యుడి పలక వ్యాను నెత్తినున్నా రాత్రిపూట అదేం చేస్తుంది? దోమలు మాత్రం లెక్కలు చూడవు. రెండు గంటలు, ఒక్క రెండు గంటలే, ఫ్యాను వేసుకున్నాను. దానికితోడు దారిలో నా ఫోనూ, టీ కెటిలూ మింగింది మరికొంత. తెల్లవారుజామున మూడింటికి ఇన్వర్టరు కీచుమని అరిచి ఆగిపోయింది. సైకిలు మీద అయిదు గీతల్లో మూడే వెలుగుతున్నాయి.

పందెం పది కిలోమీటర్ల చుట్టు, మూడు చుట్లు. కరెంటు వరసలో మేము పదకొండుగురం, ఎక్కువమంది బెంగుళూరు పిల్లలు. బండిదారి, వంకలో ఇసుక, చెరువుకట్ట, ఆ పైన బోడి బండ. ఆ బండ ఎక్కడమే అసలు పరీక్ష. ముందు చక్రం పైకి లేవకుండా ఒళ్ళంతా ముందుకు వంచాలి, అదే సమయంలో వెనక చక్రం జారకుండా బరువు వెనక ఉంచాలి. ఈ రెండూ ఒక్క ఒంటితోనే చెయ్యాలి! పొదుపుగా తొక్కాలని రాత్రే ఒట్టు పెట్టుకున్నాను. కాని మొదటి చుట్టులో చిన్ననాటి బండ కనిపించేసరికి మతి పోయింది. మోటారు సాయం పూర్తిగా పెంచి, ముగ్గురు కుర్రవాళ్ళను దాటి బండ మీదికి వెళ్ళాను. ఆ ఆనందం ఏమని చెప్పను!

ఖరీదు మూడో చుట్టులో చెల్లించాను. చెరువుకట్ట మీదనే చివరి గీత ఆరిపోయింది. మోటారు చచ్చిన కరెంటు సైకిలంటే 24 కిలోల ఇనుము. బండ సగం దాకా తొక్కాను. తర్వాత దిగి, చెప్పరాని చోట్ల చెమటలు కారుతుండగా తోసుకుంటూ ఎక్కాను. నేను దాటినవాళ్ళు ముగ్గురూ నన్ను దాటిపోయారు. ఒకడు ఆగి "హెల్ప్ బేకా ఆంటీ?" అన్నాడు. వద్దన్నాను. ఆంటీ అన్నందుకు కాదు. సాయం పుచ్చుకుంటే పందెంలోంచి తీసేస్తారు.

ఏడో స్థానం. గీత దాటి నేలమీద కూలబడి తలెత్తితే, ఎదురుగా చేతికర్ర పట్టుకుని మా మేనత్త! ఎనభై దాటిన మనిషి. చింతచెట్టు కింది కబురు రాత్రే ఇల్లు చేరిందట.

"ఎన్నోదానివి?"

"ఏడోదాన్ని అత్తా."

"ఎంతమందిలో?"

"పదకొండుగురు."

"అయితే నీ వెనకాల ఇంకా నలుగురుండారు" అని, సైకిలును కర్రతో ఒకసారి తట్టి చూసింది. "మద్దెలో దిగి తోస్తివంట?"

బ్యాటరీ అయిపోయిందని, రాత్రి కరెంటు చాలలేదని చెప్పాను. అత్త నన్ను ఎగాదిగా చూసింది.

"మా ఇంట్లో కరెంటు లేదనుకుంటివా?"

బ్యాటరీ నిండడానికి అయిదు గంటలు పట్టింది. ప్లగ్గు నడవలో ఉన్నది, ఒకప్పుడు నాన్నగారి సైకిలు చేరవేసిన గోడకే. అంతసేపూ అత్త పెట్టిన ఉగ్గాని తింటూ, ఫ్యాను కింద కూర్చున్నాను.