ఆంగ్లభాషా చరిత్ర - మన సీమ మాటలు

ఆంగ్లభాషా చరిత్రను చదువు విద్యార్థులకు అందలి పారిభాషిక పదములు తొలుతనే అడ్డు తగులుచుండును. నిర్వచనములను కంఠస్థము చేసి, పరీక్ష కాగానే మరచువారే పెక్కురు. ఆ పదములకు కడప, కర్నూలు ప్రాంతముల నిత్యవ్యవహారములోనే చక్కని ఉదాహరణములు గలవు. వానిని శ్రోతల ముందుంచుట మా ఉద్దేశము.

మొదటిది ఎరవు పదము. ఒక భాష మరియొక భాషనుండి తీసికొనిన మాట ఇది. 1066లో నార్మనులు ఇంగ్లండును జయించిన పిదప, ఏలికల ఫ్రెంచి భాషనుండి కోర్టు, జడ్జి వంటి మాటలు ఆంగ్లమున చేరినవి. మన సీమలోను అట్లే జరిగినది. సుల్తానుల, నవాబుల ఏలుబడులలో పారసీక, హిందూస్తానీ భాషలనుండి కచేరి, రసీదు, దస్తావేజు, జమాబందీ వంటివి వచ్చి పల్లెవారి నోట నిలిచినవి. 'రైతు' అను మాటకే మూలము అరబ్బీ. తరువాత 1800లో కడప, 1839లో కర్నూలు కుంఫిణీ వారి వశమయినవి. ఫ్రెంచివారి కోర్టు, జడ్జి ఆంగ్లేయుల వెంట మన కచేరి చెంతకు వచ్చి చేరినవి. మనమిచ్చినవియు లేకపోలేదు. మన 'పందికొక్కు' ఆంగ్లమున 'బాండికూట్' అయి, ఆస్ట్రేలియాలో వేరొక జంతువునకు సైతము పేరైనది.

రెండవది జ్ఞాతి పదము. ఇది ఎరవు కాదు. ఒకే మూలభాషనుండి రెండు భాషలకు వారసత్వముగ సంక్రమించిన మాట. ఆదోని ప్రాంతమున తెలుగువారి 'చెవి'ని కన్నడము పలుకువారు 'కివి' యందురు. మన 'చేయి' వారికి 'కై'. ఇవి జ్ఞాతులు. ఇ, ఎ అను అచ్చులకు ముందున్న కకారము తెలుగున చకారముగ మారినది. దీనినే ధ్వనిపరిణామ మందురు. జర్మనులు గడ్డమును 'కిన్' అనగా ఆంగ్లేయులు 'చిన్' అందురు. వేల మైళ్ల దూరమున, సంబంధము లేని మరియొక భాషా కుటుంబమున, అదే మార్పు!

మూడవది అర్థపరిణామము. నువ్వులనుండి తీసిన నెయ్యి గనుక 'నూనె' యైనది. నేడు కర్నూలు సీమలో బుడ్డలనుండి, అనగా వేరుసెనగనుండి, తీసినదియు నూనెయే. ఇది అర్థవ్యాప్తి. 'డీర్' అను మాటకు ప్రాచీనాంగ్లమున జంతువని అర్థము. నేడు జింక మాత్రమే. ఇది అర్థసంకోచము.

ఇంతకు 'ప్రాచీనాంగ్లము' ఎంత ప్రాచీనము? ఆంగ్లమున వ్రాయబడిన తొలి ధర్మశాసనములు కెంటు రాజగు ఎథెల్బర్టువి. సుమారు 600 నాటివి. కడప జిల్లా కలమళ్లలోని రేనాటి చోళుడు ధనంజయుని తెలుగు శాసనము సుమారు 575 నాటిదని పండితులు నిర్ణయించిరి. రెండు భాషలును ఇంచుమించు ఒకే తరమున రాజశాసనముల కెక్కినవన్నమాట.

సీమ పలుకుబడిలో ఉరుదూ మాటలు హెచ్చని, అది సంకరమని చులకన చేయువారు కలరు. ఆ మాట విని మన పిల్లలు కళాశాలలో నోరు విప్పుటకు జంకుదురు. ఆంగ్ల నిఘంటువులోని పదములలో సగమునకు మించి ఫ్రెంచి, లాటిను భాషలనుండి వచ్చినవే. అందుచే ఆంగ్లమునకు గౌరవము తగ్గినదా? 'ఎరవుసొమ్ము బరువుచేటు' అను సామెత భాషల యెడ చెల్లదు. 1820లో కడపకు ఉద్యోగియై వచ్చిన సి. పి. బ్రౌను ఈ సంగతి నెరిగినవారు. తెలుగున వాడుకలోనున్న అన్యదేశ్య పదములకు వారు 1854లో ప్రత్యేకముగ నొక నిఘంటువునే వెలువరించిరి.

విద్యార్థులు తమ యింట వినవచ్చు పది మాటలను వ్రాసికొని, ఏది ఎరవో, ఏది జ్ఞాతియో, దేని అర్థము మారినదో విచారించి చూడవలెను. పెద్దలు తోడ్పడవలెను. అప్పుడా పారిభాషిక పదములు వల్లించకయే మనస్సున నిలుచును. తమ యింటి మాట యెడ వారికి గౌరవమును కలుగును.