చూడి అనుకుని తొమ్మిది నెలలు మేపాం... కడుపులో దూడ లేదు! ఆవు, గేదె ఇలా ఎందుకు మోసం చేస్తాయి?

పై వీడియో మొదట్లో కొబ్బరి చెట్టు కింద కట్టేసిన తెల్లావుని చూశారు కదా. ఒకసారి వీడియో ఆపి చెప్పండి, అది చూడిదా, ఒట్టిదా? మా ద్రాక్షారామంలో పదిమంది చూసి పదిమందీ చూడిదే అన్నారు. నేనూ అదే అనుకున్నాను. కానీ దాని కడుపులో దూడ లేదు.

ఇది నా పొరపాటు కథే. మీకు ఇలా జరగకూడదని చెబుతున్నాను.

ఏం జరిగిందంటే

ఈ ఆవు కిందటేడాది జూన్‌లో ఈనింది. రెండో రోజుకి గానీ మాయ పూర్తిగా పడలేదు. తర్వాత మేత బాగానే తింది, పాలూ ఇచ్చింది. సెప్టెంబరు మొదటివారంలో ఎదకొస్తే సెమన్ వేయించాను. ఆ రోజు తీగ గాజులా తేటగా లేదు, అందులో తెల్లటి పలుకులు ఉన్నాయి. చూశాను గానీ పట్టించుకోలేదు.

21 రోజులు గడిచాయి, ఎదకి రాలేదు. ఇంకో 21 రోజులు, మళ్ళీ రాలేదు. ఇంకేముంది, చూడి కట్టింది అనుకున్నాం. పొట్ట కూడా నిండుగా కనబడింది. ఏడో నెల వచ్చిందని పాలు పిండటం కూడా మానేశాను. జూన్ రెండో వారంలో ఈనాలి. జున్నుకి గిన్నెలు పంపుతామని పక్కింటి వాళ్ళు ముందే చెప్పారు. రోజు దాటింది, వారం దాటింది. పొదుగు చేయలేదు.

అప్పుడు డాక్టరు గారిని పిలిచాను. గ్లోవు తొడుక్కుని చేయి పెట్టి చూశారు, రెండు నిమిషాలు పట్టలేదు. "దూడ లేదండి. గర్భసంచి నిండా చీముంది" అన్నారు.

ఆవు నీరసపడలేదు, మేత మానలేదు. జ్వరం కూడా లేదు. పొద్దున్నే ఆవు పడుకున్న చోట తోక దగ్గర తెల్లటి మరక మాత్రం అప్పుడప్పుడు కనబడేది. చూడి ఆవుకి అలాగే ఉంటుందిలే అనుకున్నాను. అది చీము. పడుకున్నప్పుడు కొంచెం కొంచెం కారేది.

ఎద ఎందుకు ఆగిపోయింది?

ఇది అర్థమైతే మిగతాదంతా అర్థమవుతుందండి. ఎద అయ్యాక అండాశయం మీద అండం విడుదలైన చోట పసుపు గడ్డ లాంటిది ఏర్పడుతుంది. అది ఉన్నంతకాలం పశువు ఎదకి రాదు. కడుపు నిలవకపోతే రెండు వారాలు దాటాక గర్భసంచి ప్రోస్టాగ్లాండిన్ అనే పదార్థాన్ని పంపి ఆ గడ్డని కరిగించేస్తుంది. అందుకే ఇంచుమించు 21వ రోజుకి మళ్ళీ ఎద వస్తుంది. పిండం ఉంటే గడ్డ కరగదు, ఎద రాదు.

గర్భసంచి చీముతో నిండినప్పుడు కూడా ఆ గడ్డ కరగదు. అంటే మనం ఒక్కళ్ళమే మోసపోలేదు, ఆవు ఒళ్ళు కూడా చూడి అనే అనుకుంటుంది. అందుకే ఎదకి రాకపోవడం ఒక్కటే చూడికి రుజువు కాదు.

చూడి అనిపించే మిగతా కారణాలు

1. మూగ ఎద: గేదెల్లో ఇది చాలా ఎక్కువ. అరవదు, పక్క పశువు మీదకి ఎక్కదు, పైగా ఎద రాత్రిపూట వచ్చి పోతుంది. ఎండాకాలంలో అసలు ఎదకే రాని గేదెలు కూడా ఉంటాయి. ఫిబ్రవరిలో సెమన్ వేయించి, ఏప్రిల్, మే నెలల్లో ఎద కనబడలేదని చూడి లెక్కలో వేసేస్తాం.

2. గడ్డి పొట్ట: మన డెల్టాలో సార్వా గడ్డి, దాళ్వా గడ్డే ప్రధాన మేత. వరిగడ్డిలో మాంసకృత్తులు తక్కువ, నెమ్మదిగా అరుగుతుంది. ఎక్కువ తిని పొట్ట వేలాడుతుంది. పశువు వెనకాల నిలబడి చూడండి. ఎడమవైపు ఉండేది మేత పొట్ట. దూడ ఎక్కువగా కుడివైపు కింద ఉంటుంది. ఎడమ డొక్క ఉబ్బి కనిపిస్తే అది గడ్డి.

3. జలగ వ్యాధి: కాలవ గట్ల మీద, తడి చేలల్లో నత్తలు ఉంటాయి. వాటి ద్వారా కార్జపు జలగలు పశువుకి చేరతాయి. ముదిరితే రక్తం తగ్గి దవడ కింద నీరు దిగుతుంది, పొట్టలో కూడా నీరు చేరుతుంది. వెన్ను, పక్కటెముకలు బయటపడి పొట్ట మాత్రం పెద్దగా ఉంటే పేడ పరీక్ష చేయించండి.

4. ఎండిపోయిన పిండం: కొన్నిసార్లు చూడి నిజంగానే కడుతుంది. మధ్యలో పిండం చనిపోయి, బయటికి రాకుండా లోపలే నీరింకి ఎండిపోతుంది. పసుపు గడ్డ అలాగే ఉండిపోతుంది. రోజులు దాటినా ఈనదు, పొదుగు చేయదు.

మేకల్లో ఇంకో రకం ఉంది. దూడకి బదులు కాదు గానీ, పిల్లకి బదులు గర్భసంచిలో నీళ్ళు నిండుతాయి. పొట్ట పెరుగుతుంది. ఒకరోజు నీళ్ళన్నీ ఒక్కసారిగా పోయి కొట్టం తడిసిపోతుంది, పిల్ల ఉండదు. ఆడగుర్రంలో అయితే రక్తపరీక్ష కూడా మోసపోతుంది. చూడి కట్టిన 35, 40 రోజులకి గర్భసంచి గోడలో చిన్న గిన్నెల్లాంటివి ఏర్పడి ఒక హార్మోను తయారుచేస్తాయి. ఆ తర్వాత పిండం పోయినా అవి ఇంచుమించు నాలుగో నెల దాకా పనిచేస్తూనే ఉంటాయి. గుర్రం సరిగ్గా ఎదకి రాదు, రక్తపరీక్ష చూడి అనే చెబుతుంది.

ఎలా తేల్చుకోవాలి?

సెమన్ వేయించిన తేదీ గోడ క్యాలెండరు మీద రాయండి. 18వ రోజు నుంచి 24వ రోజు దాకా పొద్దున, సాయంత్రం, రాత్రి పడుకునే ముందు ఒకసారి చూడండి. తోక దగ్గర తీగ, మాటిమాటికీ మూత్రం, పాలు తగ్గడం గమనించండి.

ఎద రాకపోయినా సరే, రెండు నుంచి మూడు నెలల మధ్య డాక్టరు గారితో చేయి పెట్టించి చూపించండి. స్కానింగు దొరికితే నెల దాటాకే తెలిసిపోతుంది. ఆసుపత్రి దూరమైతే 1962కి ఫోన్ చేసి సంచార పశువైద్య వాహనం అడగండి.

పుణ్యకోటి పరీక్ష సంగతి చాలామంది అడుగుతున్నారు. ఒక వంతు ఆవు మూత్రంలో పద్నాలుగు వంతుల నీళ్ళు కలిపి గోధుమ గింజలు నానబెడతారు, ఇంకో గిన్నెలో ఉత్త నీళ్ళలో నానబెడతారు. చూడి ఆవు మూత్రంలో గింజలు సరిగా మొలకెత్తవని లెక్క. నేనూ చేశాను. సగం మొలిచాయి, సగం మొలవలేదు. ఏమనుకోవాలి? అది ఒక సూచన అంతే. లోపల చీముందో, ఎండిన పిండం ఉందో గింజలు చెప్పవు.

ఇంకో ముఖ్యమైన మాట. ఇలాంటి వాటికి డాక్టర్లు ప్రోస్టాగ్లాండిన్ ఇంజెక్షనే చేస్తారు. నిజంగా చూడి ఉన్న పశువుకి అదే ఇంజెక్షన్ పడితే ఈసుకుపోతుంది. చేయి పెట్టి చూడకుండా ఎవరినీ ఆ ఇంజెక్షన్ చేయనివ్వకండి.

మన ప్రకృతి రైతులకి ఎందుకు చెబుతున్నానంటే

పాల కోసం పెంచేవాళ్ళు లీటరు తగ్గితే పరిగెడతారు. మనకి జీవామృతానికి పేడ, మూత్రం వస్తే చాలు. ఒక నాటు ఆవుతో 30 ఎకరాలు సాగు చేయొచ్చని పాలేకర్ గారు చెప్పింది విని ఆవుని కొన్నాం. పేడ ఎలాగూ వస్తోంది కదా అని ఆవు సంగతి వెనక్కి నెట్టేస్తాం. నేను చేసింది అదే. ఏడాది పోయింది, ఒక దూడ పోయింది, నేనే మాన్పించిన పాలు పోయాయి.

ఇప్పుడు ఎలా ఉంది?

జూన్‌లో ఇంజెక్షన్ చేశాక నాలుగో రోజుకి ఎదకొచ్చి చీము బయటపడింది. రెండు వారాలకి ఇంకోసారి చేశారు. డాక్టరు గారు చెప్పినట్టు తర్వాతి ఎదలు రెండు వదిలేశాం. ఆగస్టు చివర్లో తీగ గాజులా తేటగా వచ్చింది, అప్పుడు సెమన్ వేయించాం. నవంబరులో 90వ రోజున చేయి పెట్టి చూశారు. ఈసారి ఉందన్నారు. వీడియో చివర్లో డాక్టరు గారు చూస్తున్నది ఆ రోజే.

మీ కొట్టంలో ఎద కనబడక, పరీక్ష చేయించక "చూడిదేలే" అని వదిలేసిన పశువు ఉంటే ఈ వారంలోనే చూపించండి.