మూలుగలో మూలకణాన్ని పట్టేదెలా?

రక్తకణాలు ఎక్కడ పుడతాయని పరీక్షలో అడిగితే ‘ఎముకల మూలుగలో’ అని రాసి మార్కులు తెచ్చుకుంటాం. మూలుగలో దేని నుంచి పుడతాయని అడిగితే? ఎర్రకణాలూ, తెల్లకణాలూ, ప్లేట్‌లెట్లూ అన్నీ మూలకణాలనే కొద్దిపాటి కణాల సంతతే. ఎర్రకణం ఆయుష్షు సుమారు 120 రోజులు. కాబట్టి ఈ పుట్టుక ఒక్క క్షణమైనా ఆగడానికి వీల్లేదు.

ఇలాంటి కణాలు ఉన్నాయని 1961లో కెనడాలోని టొరంటోలో టిల్, మెకల్లక్ అనే శాస్త్రజ్ఞులు చిట్టెలుకల మీద ప్రయోగాలు చేసి చూపారు. కాని ‘ఇదిగో, ఇదే మూలకణం’ అని వేలుపెట్టి చూపడం కుదరలేదు. మైక్రోస్కోపులో అది చిన్న తెల్లకణంలాగే గుండ్రంగా కనిపిస్తుంది. పైగా పదివేల మూలుగ కణాల్లో వెతికినా ఒక్కటి దొరకడం కష్టం.

ఉపాయం కణం పైపొర మీద దొరికింది. లాండ్రీవాళ్ళు ఎవరి బట్టల మీద వాళ్ళ గుర్తు వేస్తారు గదా! అలాగే ఒక్కో రకం కణం పొర మీద ఒక్కో రకం ప్రోటీన్లు ఉంటాయి. ఫలానా ప్రోటీనుకే అంటుకొనే ప్రతిరక్షకానికి మెరిసే రంగు తగిలించి కణాల్లో కలుపుతారు. తరువాత కణాలను ఒక్కొక్కటిగా లేజర్ కాంతి ముందు నుంచి పోనిస్తారు. మెరిసిన కణం ఉన్న బిందువుకు యంత్రం విద్యుదావేశం ఇచ్చి పక్కకు లాగుతుంది.

అమెరికాలోని స్టాన్‌ఫర్డ్‌లో ఇర్వింగ్ వైస్‌మన్ బృందం ముందుగా ఎదిగిన కణాల గుర్తులున్నవాటినన్నిటినీ తీసేసింది. నాకు బాగా నచ్చిన తెలివి ఇదే! మిగిలినవాటిలో స్కా-1 ప్రోటీను ఉండి, థై-1 కొద్దిగా మాత్రమే ఉన్న కణాలను ఏరింది. అవి మూలకణాలేనని నమ్మకమేమిటి? వికిరణంతో మూలుగ నాశనమై, వదిలేస్తే చచ్చిపోయే చిట్టెలుకలకు వాటిని ఎక్కించారు. కేవలం 30 కణాలతో సగం ఎలుకలు బతికాయి! ఈ ఫలితం 1988లో వెలువడింది.

మనిషి మూలకణాల గుర్తులు వేరు. 1984లో కర్ట్ సివిన్ బృందం వెల్లడించిన సిడి34 అనే ప్రోటీను వాటి మీద ఉంటుంది. తమాషా ఏమిటంటే, ఎదిగిన చిట్టెలుక మూలకణాల మీద అది దాదాపు కనిపించదు. 1996లో జపాను శాస్త్రజ్ఞులు అలాంటి ఒకే ఒక్క కణంతో కొన్ని ఎలుకల్లో రక్తాన్ని తిరిగి పుట్టించారు.

మనలో కూడా సిడి34 ఉన్నవన్నీ మూలకణాలు కావు. వాటి నుంచి పుట్టిన లేతకణాల మీదా అది కొంతకాలం ఉంటుంది. అందుకే సిడి34 ఉండి, సిడి38 లేనివాటిని వెతుకుతారు. ఆసుపత్రిలో మాత్రం సిడి34 లెక్కే చాలావరకు పనికివస్తుంది. రక్తపు కాన్సరు రోగికి దాత రక్తం నుంచి సేకరించిన కణాలు ఎక్కించేటప్పుడు, రోగి బరువులో కిలోకు కనీసం 20 లక్షల సిడి34 కణాలు ఉన్నాయా అని వైద్యులు చూసుకుంటారు.