పతకముపై ఒక నేల కథ

2022 ఆగస్టు 7వ తేదీన ఇంగ్లండు దేశపు బర్మింగుహాము నగరమున, కామన్వెల్తు క్రీడలలో, నిజామాబాదు పట్టణమున పుట్టిన నిఖత్ జరీన్ 50 కిలోల తరగతి బాక్సింగు పోటీ గెలిచి స్వర్ణపతకమును ధరించెను. పత్రికలు ఆమె విజయమును కొనియాడెను. ఆ పతకముపై ఏమి చెక్కబడియున్నదో గమనించినవారు మాత్రము తక్కువ.

దానిపై గీతలవలె కొన్ని మెరకలు కలవు. అవి వట్టి అలంకారములు కావు. ఆకాశమునుండి చూచినపుడు బర్మింగుహాము ప్రాంతమున కానవచ్చు బాటలు, కాలువలు. ఈ రూపమును కల్పించినవారు ఆ నగరమందలి ఆభరణ విద్యాలయమున చదువుచుండిన ముగ్గురు విద్యార్థినులు. చూపులేని క్రీడాకారులు సైతము వ్రేళ్లతో తడిమి గుర్తింపగలుగునట్లు ఆ మెరకలను ఏర్పరచిరి. ఈవిధముగా ఒక నగరపు కాలువలు విజేత మెడలో సముద్రములు దాటి నిజామాబాదు చేరెను.

ఆతిథ్యమిచ్చిన నేల తన కథను విజేతతో పంపుటయే పతకపు రూపకల్పనలోని ముఖ్యోద్దేశము. ఇది శీతకాలపు ఒలింపిక్సు పతకములలో మిక్కిలి స్పష్టముగా కనబడును. వేసవి ఒలింపిక్సు పతకమునకు ఒక వైపున గ్రీకుల విజయదేవత నైకీ ప్రతిమ యుండవలెనను నియమము కలదు. 1924లో ఫ్రాన్సునందలి షామోనీలో మొదలైన శీతకాలపు క్రీడలకు అట్టి కట్టుబాటు లేదు. కనుక ప్రతి దేశమును తన ఊహకు తోచిన రూపమునే ఇచ్చుచున్నది.

1992లో ఫ్రాన్సు దేశమువారు పతకములలో స్ఫటికమువంటి గాజును పొదిగిరి. 1994లో నార్వేవారు తమ కొండలరాతిని వాడిరి. 1998లో జపానువారు తమ ప్రాచీనమైన లక్క పనితనమును లోహముపై చూపిరి. 2006లో ఇటలీవారు తమ పట్టణములందు నలుగురు కూడు చౌకమునకు గుర్తుగా పతకము నడుమ రంధ్రముంచిరి.

2010లో కెనడావారు చేసిన పని మరింత వింతయైనది. ఆ దేశపు ఆదివాసుల సంతతికి చెందిన చిత్రకారిణి కొరీన్ హంట్ ఓర్కా అను తిమింగలమును ఒక పెద్ద చిత్రముగా గీసెను. ఆ చిత్రమునందలి వేరువేరు భాగములను వేరువేరు పతకములపై ముద్రించిరి. అందుచేత ఏ రెండు పతకములును ఒక్కతీరుగా లేవు. పూర్తి చిత్రము ముద్రించిన పట్టు రుమాలును కూడ విజేతల కిచ్చిరి. తన పతకము ఆ చిత్రమున ఏ భాగమో ప్రతివారును దానివలన తెలిసికొనవచ్చును.

ఇక పతకమును చేయు విధము. చెరకు పండు సీమలలోనివారికి అచ్చు అనగా నేమో తెలియును. కాగిన పాకమును అచ్చులో పోయగా బెల్లము అచ్చు రూపము దాల్చును. పతకమునకును అచ్చు కావలెను. కాని ఇచట లోహమును సాధారణముగా కరగించి పోయరు. మొదట బొమ్మను గీసి, దాని ననుసరించి ఉక్కుతో అచ్చును చెక్కుదురు. లోహపు బిళ్లను రెండచ్చుల నడుమ నుంచి, గొప్ప యంత్రముతో పలుమారులు ఒత్తుదురు. ఒత్తిన కొలది లోహము గట్టిపడును. కనుక నడుమ నడుమ దానిని కాల్చి మెత్తబరతురు. పిమ్మట మెరుగుపెట్టి, బంగారుపూత పూయుదురు.

పూత యనుటకు కారణము కలదు. ఒలింపిక్సులో పూర్తిగా బంగారముతో చేసిన పతకములు 1912తో ఆగిపోయెను. నేటి స్వర్ణపతకము నిజమునకు వెండిది. దానిపై కనీసము 6 గ్రాముల బంగారముండిన చాలును. పతకపు విలువ తూకములో లేదనుటకు ఇంతకంటె నిదర్శనమేల? మరియు, పతకము దక్కనంత మాత్రమున సాధన వ్యర్థము కాదు. 2022, 2023 సంవత్సరములలో ప్రపంచ విజేతయైన నిఖత్ జరీన్ 2024 పారిసు ఒలింపిక్సునుండి పతకము లేకయే తిరిగివచ్చెను. అంతమాత్రమున ఆమె శ్రమను తక్కువ చేసినవారెవరు?

ఆ పారిసు పతకముల నడుమ 18 గ్రాముల ఇనుపముక్క యొకటి పొదుగబడియుండెను. అది ఐఫెలు గోపురమును మరమ్మతు చేసినపుడు ఊడదీసి దాచియుంచిన పాత ఇనుము. ఒకరు తుక్కు అనుకొను వస్తువును వేరొకరు జ్ఞాపకముగా మలచిరి.

బోధనునందును అట్టి జ్ఞాపకములు కలవు. మంజీరానదిపై 1931లో పూర్తియైన నిజాంసాగరము కాలువలు ఆ సీమను చెరకుతోటలతో నింపెను. పిమ్మట కొలది సంవత్సరములకే శక్కరునగరమున నిజాం చక్కెర కర్మాగారము వెలసి, వేలాది కుటుంబములకు బ్రతుకుతెరువైనది. 2015లో అది మూతబడెను. యంత్రములు నిలిచిపోయినను, ఆ నేల కథ నిలిచిపోవలసిన పని లేదు. ఏనాడైన ఆ సీమలో ఒక క్రీడోత్సవము జరిగి పతకము గీయవలసివచ్చినచో, కాలువగట్టు, చెరకుగడ, కర్మాగారపు పాత ఇనుము — వీనిలో దేనికి చోటియ్యవలెను? ఈ ప్రశ్నకు బదులు చెప్పుటకు చిత్రలేఖనము వచ్చినంత మాత్రమున చాలదు. బర్మింగుహాము విద్యార్థినులు తమ ఊరి బాటలను, కాలువలను చూచినట్లు, ముందుగా తన ఊరిని శ్రద్ధతో చూడవలెను.